తాటి దోనె – నాలుగు ప్రశ్నలు

(డిసెంబరు 17 పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



'నేటి యువతరం – మన బాధ్యత' అనే విషయం మీద పదిహేను నిమిషాలు మాట్లాడమని కార్యదర్శి గారు నన్ను ఆదేశించారు. నా సర్వీసు మొదలైంది కొల్లేటి అంచున. కాబట్టి నా ప్రసంగం కూడా కొల్లేటి చాంతాడు అవుతుందేమోనని ఆయనకు అనుమానం. అందుకే వాచీ తీసి బల్ల మీద పెట్టుకున్నాను. హద్దు దాటితే నిస్సంకోచంగా గంట కొట్టవచ్చు.

ఏటా ఈ రోజున మనం 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును తలుచుకుంటాం. పెన్షను ప్రభుత్వం దయతలచి వేసే భిక్ష కాదు, చేసిన సేవకు హక్కుగా రావలసినది అని ఆ తీర్పు చెప్పింది. మనకు రావలసిన వాటిని గురించి, ఆలస్యంగా వస్తున్న వాటిని గురించి మనం ప్రతి సభలోనూ మాట్లాడుకుంటూనే ఉన్నాం. మాట్లాడుకోవలసిందే. అయితే ఈసారి నేను నా చేతి మీదుగా ఇతరులకు ఆలస్యంగా వెళ్ళిన ఒక దాన్ని గురించి చెప్పదలుచుకున్నాను. అది ఒక తాటిచెట్టు.

క్రితం ఏడాది మా అబ్బాయి దగ్గరికి అమెరికాలోని సియాటిల్ వెళ్ళాను. మీలో చాలామంది వెళ్ళొచ్చినవారే. పగలంతా ఇంట్లో కిటికీ దగ్గర కూర్చోవడం, సాయంత్రం మనవడితో షికారు. ఒక రోజు సరస్సు ఒడ్డున పదిహేనూ ఇరవై ఏళ్ళ పిల్లలు ఒక పెద్ద దుంగ చుట్టూ చేరి బాడిసెలతో చెక్కుతుండగా చూశాను. అక్కడి ఆదివాసుల పడవట. సీడార్ అనే చెట్టు మానుతో చేస్తారు. లోపల తొలిచిన తరువాత దుంగలో నీళ్ళు పోసి, ఎర్రగా కాల్చిన రాళ్ళు అందులో వేస్తారు. నీళ్ళు మరిగి, ఆ ఆవిరికి కొయ్య మెత్తబడుతుంది. అప్పుడు అడ్డకర్రలు పెట్టి పడవ పొట్టను వెడల్పు చేస్తారు.

మనవడు ఫోనులో చూసి మరో సంగతి చదివి చెప్పాడు. ఈ పడవల విద్య అక్కడ దాదాపు అడుగంటిపోయే స్థితికి వచ్చిందట. 1989లో వాషింగ్టన్ రాష్ట్రం ఏర్పడి నూరేళ్ళయిన సందర్భంలో ఎమ్మెట్ ఆలివర్ అనే ఆయన పూనుకుని, తెగల వారందరినీ కూడగట్టి, వాళ్ళు చెక్కుకున్న పడవల మీదనే వాళ్ళను సియాటిల్ తీరానికి రప్పించారు. తరువాత అది అనేక తెగల వారు తరలివచ్చే వేసవి యాత్రగా స్థిరపడింది. వేలాది పిల్లలు మళ్ళీ తెడ్డు పట్టారు. ఈ ఆలివర్ గారు ఎవరనుకున్నారు? ఆ రాష్ట్ర విద్యాశాఖలో పనిచేసి 1982లో రిటైరైన ఉద్యోగి! 1913లో పుట్టినవాడు. అంటే ఆ పని చేసేనాటికి ఆయనకు డెబ్బై అయిదేళ్ళు. సరిగ్గా ఇవాళ నా వయసు. ఆయన 2016 దాకా, నూట రెండేళ్ళు బతికారు. అన్నిటికంటే ముందు ఆయన చేసిన పని ఏమిటంటే, ప్రభుత్వ అడవుల్లోని ముసలి సీడార్ మానులు ఆ తెగల వారికి దొరికే ఏర్పాటు చేయించడం.

ఆ మాట దగ్గర నా గుండెలో కలుక్కుమంది. ఆయన పడవ కోసం చెట్టు ఇప్పించాడు. నేను పడవ కోసం అడిగిన చెట్టును ఆపాను. ఆ కథ మా మనవడికి ఆ సరస్సు ఒడ్డునే చెప్పాను. మీకు ఇప్పుడు చెబుతున్నాను.

కొల్లేరు చూడని పిల్లల కోసం రెండు మాటలు. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న పల్లంలో ఏర్పడిన మంచినీటి సరస్సు అది. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏర్ల నీరంతా అందులోకి చేరుతుంది. బయటికి పోవడానికి ఉన్న దారి ఉప్పుటేరు. 2024లో విజయవాడను ముంచిన బుడమేరు నీళ్ళు చివరికి చేరేది ఈ కొల్లేటిలోకే. 1999లో దాన్ని అభయారణ్యం చేశారు. 2002లో రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది. 2006లో చేపల చెరువుల గట్లు కొట్టించారు. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు ఏలూరు జిల్లాలోకి వచ్చింది. నేను చెప్పబోయేది ఇవన్నీ జరగక ముందు, 1974 నాటి సంగతి. అప్పటికి చేపల చెరువుల సందడి లేదు. ఎండాకాలంలో సరస్సు ఒదిగి కూర్చునేది. వానాకాలంలో లంక గ్రామాలను నాలుగు వైపులా చుట్టేసేది. ఊరికీ ఊరికీ మధ్య తాటి దోనె ఒక్కటే దిక్కు.

నేను 1971లో గుమాస్తాగా చేరాను. అప్పటికి మండలాలు లేవు, తాలూకాలు. కరణాలూ మునసబులూ ఉన్న రోజులు. కొల్లేటి అంచున ఒక తాలూకా కచేరీ. పేరు వద్దు, అక్కడ పనిచేసినవారు ఈ సభలో కూడా ఉన్నారు. నాకు ఇరవై నాలుగేళ్ళు. పెళ్ళి కాలేదు. చేతిరాత ముత్యాల్లా ఉంటుందని శిరస్తాదారు గారు మెచ్చుకునేవారు. ఆ చేతిరాత గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

1974 జూలైలో ఒక లంక గ్రామం నుంచి తొమ్మిదిమంది కుర్రాళ్ళు సంతకాలు చేసిన అర్జీ ఒకటి నా సీటుకు వచ్చింది. ఆరుగురు పేట వాళ్ళు, ముగ్గురు ఊళ్ళోవాళ్ళు. హైస్కూల్లో కలిసి చదువుకున్నవాళ్ళు. పేటలో ఇరవై గడపలున్నా ఒక్క దోనె కూడా లేదు, వానాకాలం వస్తే ఊళ్ళో వాళ్ళ దోనె ఖాళీ అయ్యేదాకా కాచుకోవలసి వస్తోంది, పోరంబోకు గట్టు మీద ఉన్న ఒక ముసలి తాడిచెట్టును కొట్టుకోవడానికి అనుమతి ఇస్తే మేమే దోనె చెక్కుకుంటాము అని రాశారు. అర్జీ అంతా కలిపి ఎనిమిది పంక్తులు.

దాని మీద నేను నాలుగు ప్రశ్నలు వేశాను. చెట్టు ఏ సర్వే నంబరులో ఉంది? చుట్టుకొలత, ఎత్తు, అంచనా విలువ ఎంత? ఆ చెట్టు మీద ఎవరికైనా 2-సి పట్టా ఉందా? దోనె తయారయ్యాక ఎవరి స్వాధీనంలో ఉంటుంది, బాధ్యత ఎవరిది?

రెవెన్యూలో పనిచేసిన మిత్రులు తల ఊపుతున్నారు. నాలుగూ సరైన ప్రశ్నలే. ఏ ఆడిటరూ తప్పు పట్టలేడు. అయితే మొదటి మూడింటికీ జవాబు చెప్పవలసింది కరణం. ఆ కాగితాన్ని రెవెన్యూ ఇన్‌స్పెక్టరు ద్వారా కరణానికి పంపి రిపోర్టు తెప్పించుకోవలసిన పని నాది. నేను అలా చేయలేదు. నాలుగు ప్రశ్నలూ నా చేత్తోనే రాసి, సంతకం చేయించి, అర్జీని అర్జీదార్లకే వాపసు చేశాను. ఎందుకంటారా? జమాబందీ దగ్గర పడింది. నా పర్సనల్ రిజిస్టరులో పెండింగు కాగితాలు ఎక్కువగా ఉన్నాయి. కరణానికి పంపితే అది పెండింగు. అర్జీదారుకు వాపసు చేస్తే అది డిస్పోజల్. పి.ఆర్.లో ఒక అంకె తగ్గుతుంది. ఆ ఒక్క అంకె కోసం చేశాను. లంచం కోసం కాదు, కక్షతో కాదు, కులం చూసీ కాదు. ఈ మాట చెప్పుకుని చాలా ఏళ్ళు సమాధానపడ్డాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఏ కారణమూ లేకుండా ఆపడమే ఇంకా అన్యాయంగా కనిపిస్తోంది.

ఆ పిల్లలు నా ప్రశ్నలు పట్టుకుని కరణం గారి చుట్టూ తిరిగారు. ఇవాళ రా, రేపు రా అయింది. శ్రావణం, భాద్రపదం వెళ్ళిపోయాయి. కొల్లేరు పెరిగింది.

అక్టోబరులో ఊరి మునసబు పంపిన రిపోర్టు ఒకటి తపాల్లో వచ్చింది. పాము కరిచి పదకొండేళ్ళ కుర్రవాడు మరణించాడు. ఊరి పేరు చూశాను. ఇంటిపేరు చూశాను. పి.ఆర్. తీసి వెనక్కి తిప్పాను. అర్జీ మీద మొదటి సంతకం చేసినవాడి తమ్ముడు ఆ పిల్లవాడు. దీపాలు పెట్టే వేళ కరిచిందట. ఊళ్ళోని దోనెలన్నీ వేటకు, మావులు ఎత్తడానికి వెళ్ళి ఉన్నాయి. కేకలు వేశారు, పలకలేదు. అరటి బోదెలు కట్టి తెప్ప చేసి, దాని మీద పిల్లవాణ్ణి పడుకోబెట్టి, అన్నా ఇద్దరు స్నేహితులూ గుర్రపుడెక్కలోనుంచి ఈదుకుంటూ తోసుకుపోయారు. రోడ్డెక్కేసరికి తెల్లవారింది. అప్పటికే పిల్లవాడు లేడు.

దోనె ఉంటే బతికేవాడా? చెప్పలేను. ఆసుపత్రి ఇంకా దూరం, మందు ఉంటుందో లేదో. అయినా ఒక మాట మాత్రం చెప్పగలను. జూలైలో అనుమతి ఇచ్చి ఉంటే అక్టోబరుకు ఆ గట్టున ఒక దోనె ఉండేది.

ఆ కాగితం పట్టుకుని శిరస్తాదారు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన మంచివారే. కళ్ళజోడు తీసి అడిగారు.

"అర్జీ ఎక్కడుంది?"

"వాపసు చేశామండి."

"మళ్ళీ పెట్టుకున్నారా?"

"లేదండి."

"పెట్టని అర్జీ మీద ఆర్డరు ఎలా ఇస్తామయ్యా?"

మర్నాడు ఆదివారం. నేనే ఒక అర్జీ రాసి జేబులో పెట్టుకున్నాను. బస్సు దిగి, గట్టు దాకా నడిచి, దోనె ఎక్కి ఆ ఊరు వెళ్ళాను. చేతిలో కొలత టేపు. ఆ అన్న, ఇరవై ఏళ్ళవాడు, గట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఇంకా గడ్డం తీయలేదు. నేను ఎవరో చెప్పాను. లేచి నిలబడి నమస్కారం చేశాడు. అందరినీ పిలిచాడు. సంతకాలు చేశారు. చెట్టు చుట్టూ టేపు పట్టుకుని నాకు సాయం చేశారు. అప్పుడు వాడు నన్ను ఒక ప్రశ్న అడిగాడు.

"గుమాస్తా గారూ, మా మొదటి కాగితం ఎవరి దగ్గర ఆగిపోయిందండీ?"

"పై ఆఫీసులో" అన్నాను.

అబద్ధం. నా సర్వీసులో నేను రాసిన అబద్ధాలు ఏమైనా ఉన్నాయేమో గాని, నోటితో ఆడిన అబద్ధాల్లో ఇంత బరువైనది మరొకటి లేదు.

ఆ సాయంత్రమే కరణం గారి ఇంటి అరుగు మీద కూర్చుని రిపోర్టు రాయించుకున్నాను. తొమ్మిది రోజుల్లో ఆర్డరు బయటికి వచ్చింది. చెట్టు విలువ పాతిక రూపాయలు. ఆ పాతిక నేను కడతానన్నాను. వాళ్ళు ఒప్పుకోలేదు. తుంగ కోసి అమ్మిన డబ్బులు, అన్నీ చిల్లర, గుడ్డలో మూట కట్టి తెచ్చి కచేరీలో కట్టి రసీదు తీసుకున్నారు. ఆ రసీదు కూడా నా చేతిరాతే.

ఇక దోనె సంగతి. ఊళ్ళో ఒక ముసలి మేస్త్రి ఉండేవాడు. దోనెలు చెక్కడంలో దిట్ట. అందరూ తాత అనేవారు. ఆయన పేట కుర్రాళ్ళకు పని నేర్పడానికి ఒప్పుకున్నందుకు ఇంట్లోవాళ్ళు అలిగారు. ఆయన లెక్కచేయలేదు. దుంగను ఊళ్ళోనూ పెట్టలేదు, పేటలోనూ పెట్టలేదు. రెంటికీ మధ్య గట్టు మీద చెట్టు పడిన చోటే పని మొదలుపెట్టించాడు.

నేను వరసగా నాలుగు ఆదివారాలు వెళ్ళాను. చూసింది చూసినట్టు చెబుతాను. తాడిచెట్టును మొదలు పైన నరకకూడదు. చుట్టూ తవ్వి, వేళ్ళు నరికి, మోకులు కట్టి లాగి, మొద్దుతో సహా పడగొట్టాలి. ఎందుకంటే అడుగున ఉబ్బెత్తుగా ఉండే ఆ మొద్దే దోనెకు ముందు భాగం. అది పుట్టుకతోనే మూసి ఉంటుంది, నీరు దూరదు. పన్నెండు మూరలు కొలిచి పైభాగం కోసేశారు. తరువాత కొయ్య మేకులు వరసగా దిగ్గొట్టి దుంగను నిలువునా రెండుగా చీల్చారు. ఒక చెట్టుకు రెండు దోనెలు. తాడిమానుకు చేవ అంతా బయట ఉంటుంది, లోపల బెండు. టేకులాగా లోపల చేవ ఉండే చెట్టు కాదు. ఆ బెండునంతా గునపాలతో, బాడిసెలతో తోడేస్తే నల్లటి గట్టి చేవ మిగులుతుంది. పడుచు చెట్టు దీనికి పనికిరాదు, చేవ పట్టి ఉండదు. ముసలి చెట్టే కావాలి. ఈ మాట ఈ సభలో చప్పట్లు కొట్టదగ్గది. (చప్పట్లు)

తెరిచి ఉన్న కోసిన వైపు చెక్క బిగించి, రేగడి మట్టిలో తాటిపీచు కలిపి మెత్తారు. గోడ ఎంత మందం ఉందో తాత వేలి కణుపుతో కొట్టి, చెవి పెట్టి విని చెప్పేవాడు. ఇక్కడ ఇంకొంచెం, ఇక్కడ చాలు. పిల్లలు కూడా కొట్టి వినడం మొదలుపెట్టారు. నేనూ కొట్టి విన్నాను. నాకు అన్ని చోట్లా ఒకే చప్పుడు వినిపించింది.

మొదటి ఆదివారం మంచినీళ్ళ కుండలు రెండు ఉండేవి. ఊళ్ళో ముగ్గురికీ తాతకూ నాకూ ఒకటి, పేట వాళ్ళకు ఒకటి. రెండో ఆదివారం కూడా అంతే. మూడో ఆదివారానికి ఒక కుండ పగిలి ఉంది. ఎవరి కాలు తగిలిందో తెలియదు. ఇంకో కుండ తెద్దామని ఎవరూ అనలేదు. ఆ రోజు నుంచి ఒకే కుండ, ఒకే ముంత. ఎవరూ ఉపన్యాసం చెప్పలేదు. ఎండ అలా ఉంది, దాహం అలా ఉంది.

ఆ మూడో ఆదివారమే ఒక ప్రమాదం జరిగింది. అందరిలోకీ చిన్నవాడు, ఊళ్ళో కుర్రాడు, పదహారేళ్ళుంటాయి, ఉత్సాహం కొద్దీ గునపం గట్టిగా దింపాడు. అది అడుగు తొలుచుకుని అవతలికి వచ్చింది. వాడికి నోట మాట రాలేదు. మెల్లగా కాస్త మట్టి తీసి చిల్లు మీద అద్ది, పైన బెండు పొట్టు కప్పాడు. తాత చూడనే చూశాడు. తిట్టలేదు. మట్టి తీయించి, చిల్లును ఉలితో గుండ్రంగా చేసి, సరిపడే కొయ్య బిరడా చెక్కి, తారు పూసి బిగించాడు. బిగిస్తూ ఒక మాట అన్నాడు.

"చిల్లు పడ్డ దోనె మునగదురా అబ్బాయ్. చిల్లు దాచిన దోనె మునుగుతుంది."

ఆ మాట ఆ కుర్రాడితో అన్నాడు. తల వంచుకున్నది మాత్రం ఇద్దరం.

మార్గశిరంలో దోనెలు నీళ్ళలో దింపారు. రెండు దోనెలను రెండుగానే ఉంచుదామని పిల్లల కోరిక. ఊళ్ళో ముగ్గురికీ ఒకటి, పేటకు ఒకటి. తాత "మీ ఇష్టం" అని గట్టు మీద కూర్చున్నాడు. నలుగురు ఎక్కగానే మొదటిది దొర్లింది. నవ్వులు. రెండోదీ దొర్లింది. అందరూ తడిసి ఒడ్డుకు వచ్చాక తాత రెండింటినీ పక్కపక్కన పెట్టించి, అడ్డంగా వెదురు బొంగులు వేసి, కొత్త తాళ్ళతో కట్టించాడు. ఆ తాళ్ళు పేనింది చనిపోయిన పిల్లవాడి అక్క. పదిహేడేళ్ళ పిల్ల. గెడ ఎవరు వేస్తారని వాదం వస్తే, ఆ అమ్మాయి ఏమీ మాట్లాడకుండా వచ్చి గెడ అందుకుంది. ఎవరూ కాదనలేదు. ఎనిమిదిమందిమి ఎక్కాం. అంతకుముందు తెప్ప పోయిన దారినే రోడ్డు దాకా వెళ్ళి వచ్చాం. పోవడానికి ముప్పావు గంట పట్టింది. వాచీ చూసుకున్నాను. చూసుకోకుండా ఉండవలసింది.

తరువాత నాకు బదిలీ అయింది. ప్రమోషన్లు, పెళ్ళి, పిల్లలు, ఊళ్ళు. 2008లో రిటైరయ్యాను. 2009లో కొల్లేటికోట పెద్దింట్లమ్మ దర్శనానికి వెళ్ళినప్పుడు ఆ ఊరికీ వెళ్ళాను. బండ్లు పోయే గట్టు పడింది. చెరువుల్లో మేత వేసేవి ఇనుప పడవలు. తాత ఏనాడో పోయాడు. ఆ అన్నకు యాభై అయిదేళ్ళు. నన్ను చూసి, ఒక్క నిమిషం ఆలోచించి, "గుమాస్తా గారూ!" అన్నాడు. మంచం వాల్చాడు. చెల్లెలు పక్క ఊళ్ళోనే ఉందట, మనవలున్నారట. దోనె పదకొండేళ్ళు నడిచిందట. ఎంతమందిని దాటించిందో లెక్క లేదన్నాడు. లెక్క రాసే గుమాస్తా వాళ్ళ దగ్గర లేడు కదా.

అప్పుడు చెప్పాను. "ఏమయ్యా, ఆ మొదటి అర్జీ పై ఆఫీసులో ఆగలేదు. నా దగ్గరే ఆగింది. ఆ నాలుగు ప్రశ్నలు నేనే వేశాను."

అతను ఆశ్చర్యపోలేదు. "తెలుసండి" అన్నాడు.

"ఎప్పుడు తెలిసింది?"

"మీరు టేపు పట్టుకొచ్చిన రోజునే. వాపసు వచ్చిన కాగితం మూడు నెలలు నా జేబులో ఉంది కదండీ. మీరు రాసుకొచ్చిన అర్జీ మీద అదే చేతిరాత. రెంటి మీదా అక్షరాలు ముద్దుగా ఉన్నాయి."

"మరి అప్పుడు ఎందుకు నిలదీయలేదు?"

అతను కాసేపు చెరువు వైపు చూశాడు. "అడిగానుగా అండీ. మీరు పై ఆఫీసు అన్నారు. ఇంకా గట్టిగా అడిగితే మీరు ఆదివారాలు రారని ఊరుకున్నాను. అప్పటికి మాకు చెట్టు కావాలి."

మన్నించానని అతను అనలేదు. మన్నించమని నేను అడగలేదు. మజ్జిగ ఇచ్చాడు, తాగి వచ్చాను.

మిత్రులారా, వాచీ నన్ను చూసి నవ్వుతోంది. ముగిస్తాను.

'నేటి యువతరం' గురించి మన సభల్లో ఎప్పుడూ వినిపించే మాటలు మీకు తెలుసు. సెల్‌ఫోను వదలరు, పెద్దల మాట వినరు, కలిసి ఒక పని చేయరు. నేను ఆ మాటలు అనలేను. ఇరవై ఏళ్ళ పిల్లలు కలిసి పని చేస్తామని వచ్చినప్పుడు, వాళ్ళ దారికి అడ్డంగా కూర్చున్నది ఇరవై నాలుగేళ్ళ నేను. వాళ్ళకు కావలసింది ఉపదేశం కాదు. ఒక చెట్టు, ఒక తాత. తాత కూడా గట్టు మీద కూర్చుని వాళ్ళను ఒకసారి దొర్లనిచ్చాడు. ఆ తరువాతే తాడు కట్టించాడు.

మనం ఆ తాతలం కాగలం. మన చేతుల్లో బాడిసె లేదు, నిజమే. మనకు తెలిసినది కాగితం. ఏ దరఖాస్తు ఎక్కడ ఆగుతుందో, ఏ ప్రశ్నకు ఎవరు జవాబు చెప్పాలో, ఏ జత కాగితం లేకపోతే వాపసు వస్తుందో మనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఎందుకంటే వాపసు పంపినవాళ్ళం మనమే. కంప్యూటరు వచ్చినా, దరఖాస్తు ఆన్‌లైనులో పెట్టినా, ప్రశ్న ప్రశ్నే. రుణానికి, స్కాలర్‌షిప్పుకు, ధ్రువపత్రానికి, చిన్న సంఘం రిజిస్ట్రేషనుకు తిరుగుతున్న పిల్లలు మన వీధుల్లో ఎంతమంది లేరు?

అందుకని ఒక చిన్న ప్రతిపాదన. మన సంఘం గది ఆదివారం ఉదయం ఖాళీగానే ఉంటుంది. పదింటి నుంచి పన్నెండింటి దాకా ఇద్దరు చొప్పున కూర్చుందాం. వచ్చినవాళ్ళ కాగితం చూసి, ఏం లోటుందో చెప్పి, జవాబులతో సహా రాసి పంపుదాం. రుసుము లేదు, రసీదు లేదు, పర్సనల్ రిజిస్టరు అసలే లేదు. మొదటి నాలుగు ఆదివారాలూ నా పేరు రాసుకోండి. నాలుగే ఎందుకంటే, నేను బాకీ ఉన్న ప్రశ్నలు నాలుగు. ఆ తరువాత మీ దయ, నా మోకాళ్ళ దయ.

 పిల్లలకు ఆకలి వేస్తోంది. సెలవు తీసుకుంటాను.